చౌక రొయ్య – ఎవరి ఖర్చు?

కిందటి నెల మా ఇంట్లో విందుకని గడ్డకట్టిన రొయ్యల సంచి ఒకటి కొన్నాను. తల తీసి, పొట్టు ఒలిచి, నల్ల నరం కూడా తీసేసి శుభ్రంగా ఉన్నాయి. సంచి వెనక చిన్న అక్షరాల్లో ఇండియా సరుకని ఉంది. చూడగానే గర్వం కలిగింది. ధర తక్కువని సంతోషమూ కలిగింది. ఆ సంతోషం గురించే ఈ నాలుగు మాటలు.

గర్వానికి కారణం లేకపోలేదు. 1972లో సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1994–95లో తెల్లమచ్చల తెగులు టైగర్ రొయ్యను దెబ్బతీసినా, 2009లో అనుమతి పొందిన వెనామీ రకంతో పరిశ్రమ మళ్ళీ లేచింది. 2023–24లో ఎగుమతులు 17.8 లక్షల టన్నులు, విలువ 60 వేల కోట్ల రూపాయల పైమాట. ఆ విలువలో దాదాపు మూడింట రెండు వంతులు గడ్డకట్టిన రొయ్యలదే. అందరికన్నా ఎక్కువ కొన్నది అమెరికా. ఎక్కువ పండించినది మన ఆంధ్ర.

మా పెద్దనాన్నగారి అబ్బాయికి భీమవరం దగ్గర చెరువులున్నాయి. వరిలో రాని డబ్బు రొయ్యలో వచ్చి, పిల్లలు పెద్ద చదువులు చదివారు. పక్క రైతు మాత్రం తన చేలోకి ఉప్పు ఊరుతోందని వాపోతాడు. ఇటువంటి ఫిర్యాదులే విని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పంటభూములను రొయ్యల చెరువులుగా మార్చరాదంది. 2005లో పార్లమెంటు చట్టం చేసి తీరప్రాంతపు సాగును రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చింది. చట్టం వచ్చింది, పక్క రైతు చేలో ఉప్పు పోలేదు.

చెరువు తరువాత ఫ్యాక్టరీ. అక్కడ ఎక్కువగా ఆడవాళ్ళు గంటల తరబడి నిలబడి, ఐసులో పెట్టిన రొయ్యను చేత్తో ఒలుస్తారు. 2017 మార్చిలో మొగల్తూరులోని ఒక ఫ్యాక్టరీలో తొట్టి శుభ్రం చేయడానికి దిగిన అయిదుగురు పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రొయ్యలో నిషిద్ధమైన యాంటీబయాటిక్ జాడ కనిపిస్తే ఇక్కడి రేవులో సరుకు ఆపేస్తారు. తినేవాడి ఆరోగ్యం కోసం అది న్యాయమే. మరి ఒలిచే చేతుల కోసం అంత కచ్చితమైన పరీక్ష ఏ రేవులో ఉంది?

“ఇక రొయ్యలు కొననన్నయ్యా,” అన్నాను ఫోనులో.

ఆయన నవ్వాడు. “నువ్వు మానేస్తే ఒలిచే ఆవిడకి ఉన్న పనీ పోతుందిరా. మీవాళ్ళు సుంకం పెంచినప్పుడు ముందు తెగ్గోసింది మా చెరువుగట్టు ధరే.” 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచిన సంగతి అది.

నాకు జవాబు తోచలేదు. మానేస్తే నా మనసు తేలికపడుతుంది గాని, ఆమె బతుకు తేలికపడదు. అలాగని కళ్ళు మూసుకుని కొనడమూ ధర్మం కాదు. ఏ వస్తువూ ఊరికే చౌక కాదు. మనం ఇవ్వని డబ్బును ఒకరు కూలిలోనో, ఇంకొకరు చేలోనో చెల్లిస్తూనే ఉంటారు. ఆ ఇద్దరూ మన ఊరివాళ్ళే అయినప్పుడు “నాకు తెలియదు” అనే హక్కు మనకు ఇంకా తక్కువ.

ఈ పరిశ్రమ భవిష్యత్తు అంటే టన్నులు రెట్టింపు కావడమని నేననుకోను. చెరువు నీరు శుద్ధి అయ్యాకే కాలవలో కలవాలి. ఒలిచే మనిషికి స్థిరమైన జీతం, ప్రాణానికి రక్షణ ఉండాలి. ఒక్క దేశపు సుంకానికే కూలిపోకుండా మన దేశంలోనూ ఆ రొయ్య తినేవాళ్ళు పెరగాలి. వీటికి ఖర్చవుతుంది. అందులో మన వంతుగా సంచికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి, అవి ఎవరికి చేరుతున్నాయని దుకాణదారును అడగాలి. ఒకరు అడిగితే వినడు. మన సంఘంలో ఉన్న కుటుంబాలన్నీ అడిగితే?

సభ్యులు తమ అభిప్రాయాలు రాయగలరు. నాతో ఏకీభవించనివారు ముందుగా రాయాలని నా మనవి.