మంచి మన్ను ఎవరికి మంచిది?



మేలు చేయవలెనను మనస్సు ఉన్నంత మాత్రమున మనము చేయునది మేలగునా? ఈ ప్రశ్న మాకు ప్రసంగపీఠము మీద గాక ఒక పూలకుండ యొద్ద ఎదురైనది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక వేసవి గాలివానకు మామిడికొమ్మ విరిగి, దానితోకూడ ఒక బదనిక మొక్క నేలబడెను. ఇది మన ప్రాంతపు ఆర్కిడ్. అదే పేరుగల వేరొక మొక్క చెట్టు రసమును పీల్చును గాని, ఇది కొమ్మను ఆనుకొనునే గాని దోచుకొనదు. పూర్వము సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1795లో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథములో దీనిని వర్ణించి, పూరేకుల మీది గళ్లను బట్టి పేరు పెట్టెను.

మేము జాలిపడి దానిని ఇంటికి తెచ్చితిమి. క్రొత్త కుండలో చెరువు మన్ను, మాగిన పశువుల ఎరువు నింపి, వేళ్లన్నిటిని లోపలికి అణచి పాతి, ఉదయ సాయంకాలములు నీళ్లు పోసితిమి. చెరువు మన్ను విలువ మనకు తెలియును గదా! 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు దానిని ట్రాక్టర్లతో పొలములకు తోలుకొనిరి. మాకున్న వాటిలో శ్రేష్ఠమైనదే ఇచ్చితిమని సంతోషించితిమి.

కొన్ని వారములకు ఆకులు ముడుతలు పడెను. నీళ్లు చాలలేదని తలంచి మరింత పోసితిమి. తుదకు కుండ బోర్లించి చూడగా వేళ్లు మెత్తబడి కుళ్లిపోవుచుండెను. ఆ మొక్క దప్పిచేత గాక గాలి లేక చచ్చుచుండెను.

దాని వేళ్లకు తెల్లని దూదివంటి పొర యుండును. అది వాన తగులగానే నీటిని పీల్చుకొని, పిమ్మట గాలికి ఆరవలెను. జిగట మన్నులో ఆ వేరు ఊపిరాడక కుళ్లును. కావున మెత్తబడి బోలుగా నున్న వేళ్లను శుభ్రమైన కత్తితో కోసి, మొక్కను రెండు మూడు దినములు నీడలో ఆరనిచ్చితిమి. ప్రక్కలకు రంధ్రములున్న కుండలో కట్టెబొగ్గు, ఇటుక ముక్కలు, కడిగిన కొబ్బరి పీచు కొంచెము వేసి, మొదలు పూడిపోకుండ నిలిపితిమి. ఎండి తెల్లబడిన వేళ్లను చచ్చినవని కోయబోయి, నీళ్లు చిలుకరించి చూడగా అవి పచ్చబడెను! తడిపి చూడక ముందే తీర్పు తీర్చుట ఎంత పొరపాటు!

ఆ దినమున మాకు ఒక యౌవనస్థుడు జ్ఞాపకమునకు వచ్చెను. పట్టణములో పని పోగొట్టుకొని ఇంటికి వచ్చిన ఆ బిడ్డను మేము ప్రేమించితిమి. ప్రతి సాయంకాలము పోయి బుద్ధిచెప్పితిమి. అందరి యెదుట లేపి సాక్ష్యము చెప్పుమంటిమి. అతడు గుడికి రాకుండుట చూచి బుద్ధులు ఇంకను హెచ్చించితిమి. సంఘములోని ఒక ముసలమ్మ మాత్రము అతని వాకిట కూర్చుండి, చిక్కుడుకాయలు ఒలుచుచు, ఏమియు అడుగక యుండెడిది. చాల దినములకు అతడు నోరు విప్పినది ఆమె యొద్దనే.

అట్లయిన ఎవరి జోలికిని పోకుండుటయే మేలా? కాదు. గాలి కావలెనని ఆ మొక్కను ఎండకు విడిచినయెడల మన వేసవిలో అది మాడిపోవును. బొగ్గులో నున్న మొక్కకు నీళ్లు తరచుగా పోయవలెను. పీచు కుళ్లినప్పుడు, ఇంచుమించు రెండేండ్లకొకసారి, కుండ మార్చవలెను. ఎరుగుట ఊరకుండుట కాదు. అది మరింత కష్టమైన పని.

లూకా 13వ అధ్యాయములోని తోటమాలి అంజూరపు చెట్టును నరుకవద్దని వేడుకొని, త్రవ్వి ఎరువు వేసెదననెను. ఆ ఎరువే మా బదనికను చంపబోయెను. తోటమాలికి ఎరువు మాత్రమే గాక ఆ చెట్టును తెలియును. ఫిలిప్పీ సంఘము కొరకు అపొస్తలుడు ప్రార్థించినప్పుడు (1:9) ప్రేమ వృద్ధియగుటతో తృప్తినొందక, దానికి తెలివిని వివేచనను జతచేసెను. తెలివి లేని ప్రేమ తరచుగా మనలను మనమే మెచ్చుకొనుటకు చేయు ప్రేమయగును.

మా మొక్క ఇంకను పూయలేదు. పచ్చని వేరుకొన ఒకటి మాత్రము కుండ వెలుపలికి వచ్చినది. దానిని లోపలికి అణచక విడిచితిమి.

ప్రియులారా, ఈ నెలలో మీరు ఎవరికి మేలు చేయుచున్నారో వారి యొద్ద కొంతసేపు ఊరక కూర్చుండుడి. ఏమి ఇవ్వవలెనో పిమ్మట ఆలోచింపుడి.