మనల్ని వినని గురువు

బ్యాండులో డ్రమ్మర్ చోటు ఖాళీ అయితే, ఆడిషన్‌కు పిలిచేవాళ్ళు ముందుగా పంపేది పాటల జాబితా. నోటేషన్ కాగితాలు రావు. ఫలానా పాటలు, ఫలానా రికార్డింగులు, విని నేర్చుకుని రమ్మంటారు. రాక్ సంగీతంలో చాలామంది చదువు ఇలాగే సాగుతుంది. నా చదువూ అలాంటిదే. ఎదురుగా లేని మనిషి చేతుల్ని కేవలం చెవితో వెతికి పట్టుకోవడంలో ఎంత విద్య ఉందో, ఆ విద్య ఎక్కడ ఆగిపోతుందో నాకు తెలిసింది అక్కడే.

మొదట్లో అంతా లెక్కే. చరణం ఎన్ని బార్లు, కోరస్ ఎక్కడ మొదలవుతుంది, ఏ మలుపులో డ్రమ్స్ ఆగుతాయి అన్నవి కాగితం మీద రాసుకోవాలి. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాలితో మోగించే కిక్ డ్రమ్ ఒక్కటే ఒకసారి, హై-హ్యాట్ అనే తాళాల జత ఒక్కటే మరోసారి వినాలి. అంతుపట్టని చోట వేగం తగ్గించి వినాలి. ఏళ్ళ తరబడి ఇష్టంగా విన్న పాటలో కూడా, అంతవరకూ మన చెవిన పడని మనిషి ఒకడు అప్పుడు వినిపిస్తాడు.

హైదరాబాద్‌లో ఒక ఆడిషన్ కోసం నాకిచ్చిన జాబితాలో 'రోజానా' ఉంది. టోటో బృందం 1982లో విడుదల చేసిన ఆ పాటకు డ్రమ్స్ వాయించింది జెఫ్ పొర్కారో. పైపైన వింటే తేలిగ్గా ఊగుతూ నడుస్తుంది. లోపలికి వెళితే అది తిశ్ర నడక, ఒక్కో దెబ్బకూ మూడు ముక్కలు. మొదటి ముక్కనూ మూడో ముక్కనూ కుడిచేయి హై-హ్యాట్ మీద పలికిస్తుంది. మధ్య ముక్క దగ్గర ఎడమచేయి స్నేర్ డ్రమ్మును వినీవినపడనట్టు తాకుతుంది. డ్రమ్మర్లు వాటిని ఘోస్ట్ నోట్స్ అంటారు. బార్‌లో మూడో దెబ్బ వచ్చేసరికి అదే ఎడమచేయి గట్టిగా కొట్టి, మరుక్షణమే మళ్ళీ మెత్తబడాలి. ఘోస్ట్ నోట్స్ వదిలేసినా తాళం తప్పదు, కానీ పాటలో ప్రాణం ఉండదు. విడిగా ఎవరూ గుర్తించని ఆ మెత్తని తాకుళ్ళ మీద అతడు పెట్టిన శ్రద్ధ తెలిశాక, పనిలో నిజాయితీ అంటే నాకు అదే గుర్తుకొస్తుంది.

ఆ నడక ఎక్కడి నుంచి వచ్చిందో పొర్కారో స్వయంగా ఒక పాఠం వీడియోలో చెప్పాడు. డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ వాయించే షఫుల్ అనే ఊగే నడక, లెడ్ జెప్లిన్ 1979లో తెచ్చిన 'ఫూల్ ఇన్ ద రెయిన్'లో జాన్ బోనమ్ వాయింపు, వాటి కింద గిటారిస్ట్ బో డిడ్లీ లయ. అంటే నేను చెవులు రిక్కించి వింటున్న మనిషి కూడా తన ముందువాళ్ళను అలాగే విన్నాడు. తీసుకున్నది దాచలేదు. అయినా వినగానే అది పొర్కారో అనే తెలుస్తుంది. శ్రద్ధగా అనుకరిస్తే సొంతదనం పోతుందన్న భయం నాకు అప్పటితో తీరింది. ఇంకొకరి చేతిని నిజంగా అందుకోవాలని చూస్తేనే మన చేయి వాళ్ళ చేతికంటే ఎక్కడ వేరో తెలుస్తుంది.

రికార్డులో వినిపించేదంతా చేతి పనే అనుకోవడానికి లేదు. లెడ్ జెప్లిన్ 1971 ఆల్బమ్‌లోని 'వెన్ ద లెవీ బ్రేక్స్' డ్రమ్స్ అంత గంభీరంగా మోగడానికి బోనమ్ బలం ఒక్కటే కారణం కాదు. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల కింది హాలులో డ్రమ్స్ పెట్టి, మైకులు పైఅంతస్తు నుంచి వేలాడదీశారు. ఆ మోతలో సగం ఇంటిది. శరీరం సంగతీ అంతే. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ ఎడమచేతివాటం మనిషి, వాయించేది కుడిచేతివాళ్ళకు అమర్చిన కిట్ మీద. పాట మలుపుల్లో అతడు వాయించే ఫిల్స్ కొన్ని మన చేతులకు అడ్డంగా తోచేది అందుకే. కాబట్టి పాట నేర్చుకునేవాడు ఇందులో గది ఎంత, శరీరం ఎంత, ఆలోచన ఎంత అని విడదీసుకోవాలి. గదినీ శరీరాన్నీ తెచ్చుకోలేం. ఆలోచన ఒక్కటే చేతులు మారుతుంది.

మృదంగం నేర్చుకునే పిల్లవాడికి గురువు ఎదురుగా కూర్చుని జతిని నోటితో పలికి వినిపిస్తాడు. పిల్లవాడు వాయిస్తుంటే తల అడ్డంగా ఊపుతాడు, మళ్ళీ అంటాడు, ఒక్కోసారి తన వేగం తగ్గించి వాడి కోసం ఆగుతాడు. రికార్డింగ్ ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. కానీ మన కోసం ఆగదు, మనం ఏం వాయించామో దానికి తెలియదు. అది మనల్ని వినలేని గురువు. ఆ విద్యకు హద్దు అక్కడే.

ఆ హద్దు ఎలా ఉంటుందో చూడాలంటే, 1964 జూన్‌లో రింగో టాన్సిల్స్‌తో ఆసుపత్రి పాలైనప్పుడు బీటిల్స్‌లో అతడి చోట కూర్చున్న డ్రమ్మర్ జిమ్మీ నికోల్‌ను చూడాలి. జూన్ 3న లండన్‌లో కాసేపు రిహార్సల్, మర్నాడే కోపెన్‌హాగెన్‌లో కచేరీ. అంతకుముందే బీటిల్స్ పాటల నకలు రికార్డులకు డ్రమ్స్ వాయించి ఉన్నాడు కనుక పాటలు అతడికి తెలుసు. ఆ తెలియడమే అతణ్ణి వేదిక దాకా తీసుకెళ్ళింది. వేదిక మీద, కేకల హోరులో, మిగతా ముగ్గురు బీటిల్స్ ఆ క్షణంలో ఎటు వెళుతున్నారో పట్టుకోవడం మాత్రం ఏ రికార్డూ నేర్పగలిగింది కాదు.

నా ఆడిషన్‌లో 'రోజానా' మొదలయ్యాక బేస్ వాయించే అతను తాళానికి ఒక వెంట్రుకవాసి వెనక కూర్చున్నాడు. తప్పు కాదు, అది అతడి తీరు. రికార్డులోని పాట నా చేతుల్లో ఒక చోట ఉంది, గదిలోని పాట ఇంకోచోట. నేను గదివైపు జరిగాను. ఘోస్ట్ నోట్స్ కోసం ఆలోచించాల్సిన పని అప్పటికి నా చేతులకు లేదు కాబట్టే జరగగలిగాను.

అందుకే, కొత్తగా జాబితా అందుకుని ఎంతవరకు నేర్చుకోవాలని అడిగే కుర్రవాళ్ళకు నేను సగంలో ఆగమని చెప్పను. రికార్డింగ్‌ను ఆఖరి మెత్తని తాకుడు దాకా నేర్చుకోండి. ఆడిషన్‌కు వెళ్ళి దాన్ని అప్పజెప్పడానికి కాదు. అది చేతుల్లో స్థిరపడితే, చెవులు రెండూ ఎదుటివాళ్ళకు ఇవ్వగలుగుతారు. బ్యాండుకు కావలసిన డ్రమ్మర్ తమను వినేవాడే.