సంఖ్యయు సత్యమును

తెలిసిన కష్టమును మానవుడు ఎట్లో సహించును. తెలియని కష్టమును సహించుట దుర్లభము. దీర్ఘవ్యాధి ప్రవేశించిన గృహములలో ఈ సత్యము ప్రతిదినమును అనుభవమునకు వచ్చుచుండును.

సూళ్లూరుపేటలో ఒక వృద్ధ గృహస్థుని ఊహించుకొనవచ్చును. ప్రోస్టేటు గ్రంథిలో పుట్టిన కాన్సరు ఎముకలకు ప్రాకినది. సూదిమందును మాత్రలును నడచుచున్నవి. మూడు మాసములకొకసారి రక్తపరీక్ష జరుగుచున్నది. ఈ పర్యాయము పి.ఎస్.ఎ. అను అంకె తగ్గినది. ఎముకల స్కానులో మాత్రము క్రొత్త మచ్చలు కనబడినవి. ఒక కాగితము మేలనుచున్నది, మరియొకటి కీడనుచున్నది. పెద్దకుమారుడు రెండవ కాగితమును బీరువాలో దాచెను. చిన్నకుమారుడు మరియొక పరీక్షాకేంద్రమునకు పోదమనుచున్నాడు. తండ్రి ఇరువురి ముఖములను చదివి, అన్నము తగ్గించినాడు. ఇచటి ప్రశ్న వైద్యునికి మాత్రమే చెందినది కాదు. సందేహము నడుమ మానవుడెట్లు జీవింపవలెను? ఇది ధర్మప్రశ్న.

ముందుగా ఆ అంకె యెట్టిదో తెలియవలెను. పి.ఎస్.ఎ. యనునది ప్రోస్టేటు గ్రంథి కణములు తయారుచేయు ఒక మాంసకృత్తు. 1979లో అమెరికా శాస్త్రజ్ఞులు దానిని శుద్ధరూపమున వేరుపరచిరి. 1986లో ఆ దేశ ప్రభుత్వము, చికిత్స పొందుచున్న రోగుల స్థితిని గమనించుటకు ఆ పరీక్షను అంగీకరించెను. ఆరోగ్యముగల గ్రంథియు దానిని తయారుచేయును. మూత్రకోశమునకు అంటువ్యాధి సోకినను, మూత్రము వెడలుటకు గొట్టము వేసినను అది పెరుగవచ్చును. రెండు కేంద్రములు రెండు విధానములతో కొలిచినచో ఒకే రక్తమునకు రెండు అంకెలు వచ్చుట కలదు. క్రొత్త చికిత్స ఆరంభించిన తొలి 12 వారములలో కొందరికి అది పెరిగి, పిమ్మట తగ్గును. అందువలననే ఆ ఒక్క పెరుగుదలను చూచి వైద్యులు మందును మాన్పరు.

స్కాను సంగతియు ఇట్టిదే. ఎముక స్వస్థపడునపుడు తన్ను తాను మరల కట్టుకొనును. ఆ కట్టుబడి జరుగుచోట స్కాను ద్రవ్యము అధికముగా చేరును. కావున చికిత్స ఫలించుచున్న తొలిమాసములలోనే, మానుచున్న గాయము క్రొత్త మచ్చవలె కనబడవచ్చును. దీనికి విరుద్ధమును కలదు. కొన్ని కాన్సరు కణములు పి.ఎస్.ఎ.ను తయారుచేయు శక్తిని కోల్పోయి, అంకె తక్కువగా ఉండగనే పెరుగును. కనుక తగ్గిన అంకెను చూచి నిశ్చింతగా ఉండుటయు తగదు. మచ్చను చూచి ఆశ విడచుటయు తగదు. మరల పరీక్షించి పోల్చిననే నిజము తేలును.

సూళ్లూరుపేట వాసులకు ఈ వివేకము దూరమైనది కాదు. పులికాట్ సరస్సు నడుమ బాటకు ఆవల శ్రీహరికోట కలదు. 1979 ఆగస్టు 10న అచట ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగము జరిగెను. ప్రయోగమునకు ముందు గణనయంత్రము ఆపుమని హెచ్చరించెను. నిపుణులు తమ లెక్కలను నమ్మి ముందునకు సాగిరి. రాకెట్టు బంగాళాఖాతమున పడెను. ఆ కార్యమునకు నాయకుడైన అబ్దుల్ కలాం గారే ఈ సంగతిని పిమ్మట సభలలో చెప్పెడివారు. 2019 జులై 15న చంద్రయాన్-2 ప్రయాణమునకు 56 నిమిషములు మిగిలియుండగా లోపము కనబడెను. ప్రయోగమును ఆపిరి, కారణమును వెదకి సరిచేసిరి, జులై 22న పంపిరి. హెచ్చరికను త్రోసిపుచ్చుట ఒక దోషము. హెచ్చరికనే తుదితీర్పుగా భావించి కార్యమును విడచుట రెండవ దోషము. ఆగి, వెదకి, పిమ్మట కదలుట ఈ రెండింటి నడిమి మార్గము.

బసవేశ్వరుని బోధలో స్థావర జంగమ విచారము ముఖ్యమైనది. నిలిచినది స్థావరము, చలించునది జంగమము. కాగితముపై ముద్రింపబడిన అంకె ఒకనాటి ఉదయముననే నిలిచిపోయినది. రోగి దేహమో, నేడును శ్వాసించుచు మారుచున్నది. నిలిచినదానికి మ్రొక్కి, చలించుదానిని మరచుట శరణమార్గము కాదు. తిథివార నక్షత్రములకు వెరచుట వలదన్న ఆ మహనీయుని అనుచరులు, పరీక్షాపత్రమును జాతకముగా చేసికొనుట యుక్తమా? అది జాతకము కాదు, సాక్షి మాత్రమే. ఒక సాక్షి పలుకుపై ఏ న్యాయాధిపతియు తొందరపడి తీర్పు చెప్పడు.

ఇక బీరువాలోని కాగితము మాట. కుమారుడు ప్రేమచేతనే దాచెను, సందేహము లేదు. కాని ఆ దేహము తండ్రిది. ఆ దేహమందే ఆయన లింగపూజ చేయుచున్నాడు. దానిని గూర్చిన వార్త ఆయనకు దక్కవలసిన సొత్తు. దాచిన కాగితము కంటె, దాచుచున్న ముఖము రోగిని అధికముగా భయపెట్టును. "నాయనా, రెండు పరీక్షలు రెండు విధములుగా చెప్పుచున్నవి. ఏది నిజమో డాక్టరుగారికిని ఇంకను తెలియదు. మూడు మాసములలో మరల చూతమనుచున్నారు" అని చెప్పుట సత్యమును అగును, దయయు అగును. తెలియనిదానిని తెలియదని చెప్పుటలో అసత్యము లేదు, క్రూరత్వము లేదు. మరి తండ్రి తనకు వివరములు వలదని తానే కోరినచో, ఆ కోరికను మన్నించుటయు ధర్మమే.

గృహస్థులు చేయదగిన కార్యములు కొన్ని కలవు. వీలైనంతవరకు ఒకే కేంద్రమున పరీక్ష చేయించవలెను. ప్రతి అంకెను తేదీతో, ఆనాటి నొప్పి, ఆకలి, నిద్రలతో కూడ ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. సూదిమందు గడువు తప్పినదేమో చూచుకొనవలెను. చెన్నైకో, నెల్లూరుకో, తిరుపతికో పోవునపుడు వెనుకటి స్కానులను వెంట గొనిపోవలెను. ఈ మార్పునకు వేరు కారణముండునా? మరల పరీక్ష ఎప్పుడు? అంతవరకు ఏ లక్షణమునకు భయపడవలెను? అని వైద్యుని అడుగవలెను. కాని కాళ్లు హఠాత్తుగా బలహీనపడినను, వెన్నులో క్రొత్తగా తీవ్రమైన నొప్పి పుట్టినను, మలమూత్రములపై అదుపు తప్పినను వేచియుండరాదు. అది వెన్నుపాముపై ఒత్తిడి కావచ్చును. ఆనాడే ఆసుపత్రికి చేర్చవలెను.

రెండు పరీక్షల నడుమ మూడు మాసములుండును. అవియు ఆయువులోని దినములే. ఆ దినములను కాగితమునకై ఎదురుచూచుటలో గడపుట, రోగము తీసికొనక ముందే వానిని పోగొట్టుకొనుట. శక్తికొలది కాయకము చేయుట, పూజ సలుపుట, మనుమని చేత లెక్కలు చేయించుట, ఇంటికి వచ్చిన జంగమునకు తన చేతితో ఒక చెంబెడు నీరిచ్చుట, ఇవి ఏ అంకెయు ఆపజాలని కార్యములు. వ్యాధి నయమగునని ఎవ్వరును మాట ఇయ్యజాలరు. కాని నేటిదినము వృద్ధుని చేతిలోనే కలదు. దానిని ఆయనకు విడచియుంచుటయే కుమారులు చేయదగిన దాసోహము.