సాక్షి సంతకం

ప్రామిసరీ నోటు మీద సాక్షి సంతకం పెట్టేవాడికి ఒక ధీమా ఉంటుంది: అప్పు తీర్చాల్సింది తను కాదు. "నా ఎదుటే రాశాడు" అని చెబితే చాలు. హామీదారు పరిస్థితి అలా కాదు, అవతలివాడు ఎగ్గొడితే తన జేబులోంచి కట్టాలి. పదేళ్ళుగా తోటివాళ్ళ కోడ్ చూసి 'అప్రూవ్' నొక్కుతున్నాను. అది ఈ రెండింటిలో ఏ సంతకమో మొన్నమొన్నటిదాకా ఆలోచించలేదు.

హార్ట్‌బ్లీడ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక కంప్యూటర్ కొన్ని అక్షరాలు పంపి, అవి ఎన్నో చెబుతుంది. రెండోది వాటినే తిప్పి పంపుతుంది. చెప్పిన లెక్క నిజమా కాదా అని చూడటం రాసినాయన మర్చిపోయాడు. పరిశీలించినాయనకీ అది కనిపించలేదు. నాలుగక్షరాలు పంపి అరవై వేలు అడిగితే, సర్వర్ తన మెమరీలో పక్కన ఏముంటే అది ఇచ్చేసేది, పాస్‌వర్డులతో సహా. 2012 మార్చిలో విడుదలైన ఈ లోపం 2014 ఏప్రిల్‌లో గానీ లోకానికి తెలియలేదు. దిద్దడానికి మాత్రం ఆ లెక్క సరిచూస్తే సరిపోయింది.

వాళ్ళిద్దర్నీ తప్పుపట్టే అర్హత నాకు లేదు. మా ఆఫీసులో ఒక కుర్రాడు డబ్బు చెల్లింపుల కోడ్ మార్చి నాకు పంపాడు. టెస్టులన్నీ పాసయ్యాయి. పది నిమిషాల్లో అప్రూవ్ చేశాను. జవాబు ఆలస్యమైతే అదే చెల్లింపు మళ్ళీ వెళుతుందని ఇద్దరం గమనించలేదు. టెస్టులో జవాబు ఎప్పుడూ వెంటనే వచ్చేది మరి. కొందరికి డబ్బు రెండుసార్లు కట్ అయింది. మీటింగులో అందరూ అతన్నే ప్రశ్నలడిగారు. అతను ఒకసారి నావైపు చూశాడు. నేను లాప్‌టాప్‌లోకి చూస్తూ కూర్చున్నాను.

వారం రోజులు రాసినవాడితో గంటసేపు చూసినవాడు సమానంగా పూచీ పడాలంటే ఎవరూ అప్రూవ్ చేయరు. నిజమే. కానీ నేను చూస్తాననే ధైర్యంతో అతను కాస్త వదిలేశాడు, టెస్టులున్నాయనే ధైర్యంతో నేను వదిలేశాను. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడమే నా తప్పు. అది మతిమరుపు కాదు, అబద్ధం.

ఇప్పుడు అప్రూవ్ కింద రెండు ముక్కలు రాస్తున్నాను: ఏం నడిపి చూశానో, ఏ భాగం చూడలేదో. హామీదారుని కాలేకపోయినా, కనీసం దొంగసాక్ష్యం చెప్పకూడదు కదా. ఆ మీటింగులో చెప్పాల్సిన మాట అతనికి విడిగా చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. పర్లేదని నాకు మాత్రం అనిపించలేదు. ఆ మాట అందరి ముందూ చెప్పాల్సింది.