రోగము తిరిగివచ్చినప్పుడు బిడ్డకు చెప్పవలెనా?



పదిహేనేండ్ల బిడ్డకు క్యాన్సరు తగ్గినట్టే తగ్గి మరల వచ్చినదని డాక్టరు చెప్పినప్పుడు, ఆ మాట బిడ్డ చెవిని పడకుండా దాచుటయే ప్రేమ అని మనలో అనేకులము తలంచుచున్నాము. అది నిజముగా ప్రేమయేనా అని మనము ఆలోచింపవలెను.

హాడ్జ్‌కిన్ లింఫోమా సంగతి చూడుడి. 1832లో లండను వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన వ్యాధి ఇది. తరచుగా మెడలో నొప్పిలేని బిళ్లలుగా కనబడును. మొదటి చికిత్సతోనే పిల్లలలో అత్యధికులు బాగుపడుదురు. కొందరికి లొంగదు, లేక తిరిగివచ్చును. అప్పటికిని దారి మూసుకొనిపోలేదు. వేరు మందులతో రోగమును అణచి, బిడ్డ మూలకణములనే తీసి భద్రపరచి, తీవ్రమైన మోతాదు ఇచ్చిన పిమ్మట వాటిని తిరిగి ఎక్కింతురు. 2017లో అమెరికా అనుమతించిన పెంబ్రోలిజుమాబ్ వంటి కొత్త మందులును పిల్లలకు ఉన్నవి. మన దేశములో మూలుగ మార్పిడి ముంబయి టాటా మెమోరియల్‌లో 1983లోను, వేలూరు సి.ఎం.సి.లో 1986లోను ఆరంభమైనది.

అయితే ఆ తీవ్రమైన మందులు సంతానశక్తిని పోగొట్టవచ్చును. ఈడు వచ్చిన అబ్బాయి వీర్యమును, అమ్మాయి అండములను ముందుగా భద్రపరచు వీలున్నది. ఆ మాట చికిత్స మొదలు కాకముందే అడగవలెను. సత్యము దాచిన ఇంటిలో ఆ ప్రశ్న ఎవరు అడుగుదురు? మనము దాచినది రోగమును మాత్రమే కాదు, ఆ బిడ్డ రేపటి బ్రతుకును కూడ.

"చెప్పితే ధైర్యము చెడును గదా" అని తల్లులు అందురు. ఆ భయము తేలికైనది కాదు. కాని పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మన ఇండ్లలో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఇంగ్లీషో మనకంటె బాగుగా చదువువారు మన పిల్లలే. ఆసుపత్రి కాగితము వారే చదువుదురు. ఎరిగియుండియు ఎవరితోను చెప్పుకొనలేని బిడ్డ, రోగముతోపాటు ఒంటరితనమును కూడ మోయును.

పదునెనిమిదేండ్లు నిండనివారికి చికిత్స కాగితముపై సంతకము పెద్దలదే. కాని సంతకము వేరు, మాట వేరు. తనను గూర్చిన సంగతులలో బిడ్డ అభిప్రాయమును వయస్సును, పరిపక్వతను బట్టి లెక్కచేయవలెనని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక చెప్పుచున్నది. 1992లో మన దేశము దానిని అంగీకరించినది. దీనిని బట్టి నిర్ణయపు బరువంతయు పసి భుజములపై మోపుమని కాదు. డాక్టరు ఎదుట కూర్చుండి, అడిగినదానికి అబద్ధము లేకుండ, అడిగినంతమట్టుకు నెమ్మదిగా చెప్పవలెను. "తప్పక నయమగును" అని మాట ఇయ్యలేము. "నిన్ను ఒంటరిగా విడువము" అని మాత్రము ఇయ్యగలము. ఆ మాట నిలుపుకొనుట మన చేతిలోనిదే.