యాదిమరుపు పూర్వజన్మ పాపం కాదు

 



మన చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో ముసలివాళ్లకు యాది తప్పితే కొందరు ఏమంటారు? "ఏ జన్మల ఏం పాపం చేసిండో" అంటారు. ఇంట్లోవాళ్లు సిగ్గుపడి తాతను అర్రలో కూచోబెడతారు. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనల్ని ఏ చీకట్లోంచి బయటికి తెచ్చారో, ఆ చీకటే ఈ మాటలో ఉంది. పూర్వజన్మ కర్మను ఆయన ఒప్పుకోలేదు. దుఃఖానికి కారణం వెతకమన్నాడు బుద్ధుడు. వెతుకుదాం.

మెదడు కణాల మధ్య అమైలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దలుగా పేరుకుంటుంది. మతిమరుపుతో చనిపోయిన ఒక మహిళ మెదడులో ఈ ముద్దలను చూసి, 1906లో జర్మనీ వైద్యుడు ఆల్జీమర్ లోకానికి చెప్పాడు. ఇప్పుడు బతికున్న మనిషి మెదడులో కూడా పెట్ స్కాన్‌తో వీటిని చూడవచ్చు. చూస్తే ఏం తేలింది? యాది బాగున్నవాళ్లలో కూడా ఇవి ఉన్నాయి! 2015లో వెలువడిన ఒక పెద్ద లెక్క ప్రకారం యాభై ఏళ్లవారిలో సుమారు 10 శాతం, తొంభై ఏళ్లవారిలో సుమారు 44 శాతం మందిలో ఉన్నాయి. అలాంటివాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే, మిగతావాళ్ల కంటే సగటున కొంచెమే వెనకబడతారు. ముందుముందు వాళ్లకు ముప్పు ఎక్కువే. అయినా అందరికీ మతి పోదు.

ఇదే పటిచ్చసముప్పాదం. ఒక్క కారణంతోనే ఫలం పుట్టదు, ఎన్నో కలవాలి. మన బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు చూడండి. మొదలు తొర్రపడినా ఊడలు నేలలో దిగి కొమ్మలను మోస్తాయి. మెదడుకూ ఊడలుంటాయి.

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. అక్షరం రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగులో మాట్లాడుతూ ఉర్దూలో బేరమాడే మన అవ్వను "వేలిముద్ర" అని తక్కువ చేశారు కదా! ఆ రెండో భాషే ఆమెకు ఒక ఊడ కావచ్చు.

మరికొన్ని ఊడలు మన చేతుల్లో ఉన్నాయి. చదువు తక్కువ కావడం, బీపీ, షుగర్, వినికిడి తగ్గడం, పొగ, అతిగా తాగుడు, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిచేస్తే, దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో ఆలస్యం చేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. పంచశీలలో ఐదోది గుర్తుకు రావడం లేదా? పిల్లల్ని చదివించమన్న బాబాసాహెబ్ మాట?

ఇవన్నీ పాటించినా కొందరికి యాది తప్పుతుంది. అది వాళ్ల శీలంలో లోపం కాదు. వినయపిటకంలో గగ్గుడనే భిక్షువు కథ ఉంది. మతి చెదిరిన ఆయన ఒకసారి ఉపోసథాన్ని గుర్తుంచుకునేవాడు, ఒకసారి మరిచేవాడు. బుద్ధుడు ఆయనను తప్పుపట్టలేదు. ఆయనకు గుర్తున్నా లేకున్నా, వచ్చినా రాకున్నా దోషం అంటకుండా సంఘం చేత సమ్మతి ఇప్పించాడు.

పాళీలో 'సతి' అంటే ఎరుక, యాది రెండూ. ఒకరి యాది తప్పితే ఆ యాదిని సంఘం మోయాలి. మీ ఇంట్లో పెద్దలు మరుస్తుంటే మంత్రగాని దగ్గరికి కాదు, దవాఖానకు తీస్కపోండి. బీ12 లోపంతోనో, థైరాయిడ్‌తోనో వచ్చిన మరుపైతే మందులతో తగ్గవచ్చు. వచ్చే పున్నమి వందనకు వాళ్లను పక్కన కూచోబెట్టుకోండి. త్రిశరణం మధ్యలో ఆగిపోతే విసుక్కోకండి. తర్వాతి మాట మీరు అందించండి.

సాధు! సాధు! సాధు!