కావలివాడే ఇంటివారిని కొట్టినయెడల

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 12:14-26



అపొస్తలుడైన పౌలు సంఘమును శరీరముతో పోల్చి, ఒక్క అవయవపు నొప్పి ఒళ్లంతటికిని చెందునని కొరింథు సంఘమునకు నేర్పెను. ఆ మాట ఎంత నిజమో మన గొంతులోని చిన్న గ్రంథి ఒకటి చూపించుచున్నది.

మెడ ముందువైపున సీతాకోకచిలుక ఆకారముగల థైరాయిడ్ గ్రంథి యున్నది. దాని బరువు సుమారు 20 గ్రాములే. అయితే అది రక్తములోనికి పంపు హార్మోను, పొయ్యిలో మంటను సరిచేయు ఇల్లాలి చెయ్యి వంటిది. తిన్న అన్నము ఎంత వేగముగా శక్తిగా మారవలెనో, గుండె ఎంత వడిగా కొట్టుకొనవలెనో, ఒళ్లు ఎంత వెచ్చగా నుండవలెనో దానినిబట్టియే జరుగును.

దేవుడు మన రక్తములో కావలివారినికూడ ఉంచెను. తెల్ల రక్తకణములు బయటినుండి వచ్చు రోగక్రిములను పట్టి చంపును. అయితే కొందరిలో ఈ కావలి పొరబడును. చీకటిలో కావలివాడు ఇంటి యజమానినే దొంగయనుకొని కర్రతో కొట్టినట్లు, అది థైరాయిడ్ గ్రంథినే శత్రువనుకొని మెల్లమెల్లగా పాడుచేయును. 1912లో జపాను దేశపు వైద్యుడు హకరు హషిమోటో నలుగురు స్త్రీల గ్రంథులను పరీక్షించి, వాటినిండ తెల్ల కణములు చేరియుండుట చూచి వ్రాసెను. 1956లో లండను శాస్త్రజ్ఞులు అట్టి రోగుల రక్తములో, వారి గ్రంథికే విరోధముగా పనిచేయు పదార్థములను కనుగొనిరి. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే అనేక రెట్లు ఎక్కువగా వచ్చును.

గ్రంథి పాడైనప్పుడు పొయ్యి చల్లారును. ఆమెకు ఎంత నిద్రించినను అలసట తీరదు. కొంచెమే తినినను ఒళ్లు వచ్చును. చలికి తాళలేదు. జుట్టు రాలును, మలబద్ధకము కలుగును, మనస్సు క్రుంగును, మతిమరుపు వచ్చును. మరికొందరిలో కావలి ఆ గ్రంథిని అతిగా రేపును. అప్పుడు మంట హెచ్చి, మనిషి చిక్కిపోయి, గుండె దడ, చేతుల వణుకు కలుగును. దానికి చికిత్స వేరు.

ప్రియులారా, ఇట్టి సహోదరినిగూర్చి మన వీధులలో ఏమనుచున్నారు? కోడలు సోమరిదని అత్త అనును. దయ్యము పట్టినదని పొరుగువారందురు. విశ్వాసము చాలదని సంఘములోనే కొందరందురు. కనిపెట్టి కాయవలసినవారే ఈలాగు కొట్టినయెడల, ఆమె గొంతులో జరుగుచున్నదే ఆమె ఇంటను సంఘములోను జరుగుచున్నది గదా! బదరీవృక్షము క్రింద చావు కోరుకొనిన ఏలీయాను దేవదూత గద్దింపలేదు. పండుకొననిచ్చెను, అప్పమును నీళ్లును ఇచ్చెను (1 రాజులు 19).

కాబట్టి ఆమెను నిందింపక ఆసుపత్రికి తోడుకొని పోవుడి. అలసట రక్తహీనతవలనను కలుగవచ్చును గనుక రక్తపరీక్ష అవసరము. థైరాయిడ్ సంగతి టి.ఎస్.హెచ్. అను పరీక్షవలన తెలియును. గ్రంథి చేయలేని హార్మోనునే మాత్రగా ఇచ్చెదరు. దానిని ప్రతి ఉదయము పరగడుపున నీళ్లతో మ్రింగి, కాఫీ గాని ఆహారము గాని తీసికొనుటకు అరగంట మొదలు గంట వరకు ఆగవలెను. ఇనుము, కాల్షియం మాత్రలు నాలుగు గంటలు ఎడముగా వేసికొనవలెను. చాలమందికి ఇది జీవితాంతము కావలసియుండును. గర్భము నిలిచినయెడల మాత్ర మానక, వెంటనే వైద్యునికి చెప్పవలెను; తరచుగా అప్పుడు మోతాదు పెంచవలసివచ్చును. గర్భమందలి శిశువు మెదడు ఎదుగుటకు మొదటి నెలలలో తల్లి హార్మోనే ఆధారము.

ప్రార్థించితిమి గనుక మాత్ర మానవచ్చునని ఎవరైనను చెప్పినయెడల వినకుడి. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే గదా (కొలస్సీ 4:14). మనము ప్రార్థింతము, మాత్రయు వేసికొందము. రెండును ఆయన దయయే.

స్త్రీల సమాజపు సహోదరీలారా, ఈ నెలలో మీ వీధిలో అలసియున్న ఒక్క సహోదరిని దర్శించుడి. సోమరివా అని అడుగక, ఒళ్లు ఎట్లున్నదమ్మా అని అడుగుడి. ఆమె కుండలో నీళ్లు నింపి రండి. బలహీనమైన అవయవమును ఘనపరచు కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.